అత్త చూపించిన నురగ

నా చిన్నప్పుడు ఛత్రినాకలో మా ఇల్లు ఒకటే అయినా పొయ్యిలు రెండుండేవి. బాపుకీ, మా చిన్నాయనకీ మాటల్లేవు. ఎందుకని అడిగితే ఎవరి కారణం వాళ్లు చెప్పేవారు. ఆ ఇల్లు నడిచిందంటే మా మేనత్త వల్లే. బాపుకు చెల్లెలు, చిన్నాయనకు అక్క. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసి, సర్కారు బడిలో సైన్స్ చెప్పేది. అన్న మాటలోని కారం తీసేసి తమ్ముడికీ, తమ్ముడి మాటలోని కారం తీసేసి అన్నకూ చేరవేసేది. నడిమి గది ఆవిడది.

చివరికి ఇల్లు పంచుకోవాలనుకున్నారు. ఆ కబురు కూడా ఆవిడ నోటి మీదుగానే నడిచింది. పంపకాల రోజు పొద్దున నేను గల్లీలో పడి మోకాలు చీరుకున్నాను. అత్త పెరాక్సైడ్ పోస్తే గాయం మీద తెల్లటి నురగ పొంగింది. ఏడుపు ఆపి అదెందుకని అడిగాను. ఇంకొకరైతే సప్పుడు జెయ్యకు అనేవారు. ఆవిడ మూడు గ్లాసులు తెచ్చింది.

మూడింటిలోనూ ఆ మందే పోసింది. ఒకదాన్ని అలాగే వదిలేసి, రెండోదాంట్లో పాత టార్చి సెల్లు పగలగొట్టి తీసిన నల్లపొడి వేసింది. మూడోదాంట్లో పచ్చి ఆలుగడ్డ ముక్క. మొదటి గ్లాసు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. మిగతా రెండూ బుసబుసా పొంగాయి.

"ఈ మందు దానంతట అదే ఇడిపోయి నీళ్లు, గాలి అయితది బిడ్డా, గని మస్తు రోజులు పడ్తది. పొడి ఉంటే జల్ది అయితది. కానిదాన్ని అయ్యేటట్టు చెయ్యదు, అయ్యేదాన్నే తొందర జేస్తది. దీన్నే ఉత్ప్రేరకం అంటరు," అంది.

పొంగు తగ్గాక పొడిని వడకట్టి, కడిగి, కొత్త మందులో వేసింది. మళ్లీ అదే పొంగు. పని చేసినందుకు అది తరిగిపోదట. ఆలుగడ్డ సంగతి వేరు. అందులో ఉన్నదీ, నా నెత్తురులో ఉన్నదీ ప్రాణమున్నవాటిలో తయారయ్యే ఉత్ప్రేరకం, పేరు ఎంజైమ్. ఒక ముక్కను ఉడకబెట్టి వేస్తే ఒక్క బుడగ రాలేదు. "వేడి తగిలితే దీని పని ఖతం," అంది. నాకు భలే సరదాగా అనిపించింది.

మధ్యాహ్నం పెద్దమనుషులు వచ్చారు. లొల్లి అవుతుందని గల్లీ అంతా చెవులు రిక్కించింది. కాలేదు. అత్త ఈ గుమ్మానికీ ఆ గుమ్మానికీ తిరిగి, పొద్దుగూకేలోపు ఇద్దరినీ ఒప్పించింది. గోడ నడిమి గది మీదుగా రావాలని తేలింది. ఆడబిడ్డ వాటా వదులుకున్నందుకు ఆనవాయితీ ప్రకారం చీర పెట్టారు. ఇద్దరూ కలిసి, ఒకే చీర. ఏళ్ల తరవాత అన్నదమ్ములు కలిసి చేసిన పని అదొక్కటే.

మరి ఈమె ఎక్కడుంటదని ఒక పెద్దమనిషి వాళ్లనడిగాడు.

"చెల్లెకేం ఫికర్? తమ్మునింట్ల ఉంటది," అన్నాడు బాపు.

"నేనైతే అన్న తాన ఉంటదనుకున్న," అన్నాడు చిన్నాయన.

ఆమెకేమైతది, గట్టి మనిషి అని ఎవరో అంటే అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు. చీర ఒళ్లో పెట్టుకుని నేల చూస్తూ కూర్చుంది. గోడ లేవకముందే జల్‌పల్లిలో అద్దె గదికి వెళ్లిపోయింది. మా ఇంటి గడప మళ్లీ తొక్కలేదు.

మావాళ్లు ఆవిడను సెల్లులోని పొడి అనుకున్నారు, ఎన్నిసార్లు వాడుకున్నా అలాగే ఉంటుందని. ఆవిడలో ప్రాణముందని ఒక్కరికీ తట్టలేదు. బాపు మీద ఆ కోపం నాకు ఆయన పోయాక కూడా పోలేదు. పోవాలని కోరుకోను కూడా.

ఇప్పుడు మా బంధువులు తగవులకు నన్ను పిలుస్తారు. ఒప్పందం కుదిరి, అందరూ చాయ్ తాగి లేవబోతుంటే నేను లేవను. ఇన్నాళ్లూ మధ్యన తిరిగిన మనిషిని పిలిచి, నీకేం కావాలో చెప్పమంటాను. ఆలస్యమవుతోందని విసుక్కుంటారు. విసుక్కోనీ. ఆ రోజు అంతమంది కూర్చున్నారు, ఒక్కరు కూడా అత్త వైపు తిరిగి ఆ మాట అడగలేదు.