పది నిమిషాల్లో భూకంపం

మా ఆయన ఉమాశంకర్ ఢిల్లీలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతారు. భూమి కదిలితే ఏ ఇల్లు నిలుస్తుంది, ఏది కూలుతుంది అన్నది ఆయన పరిశోధన. పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పడానికి కూడా పావుగంట ఉపోద్ఘాతం కావాలి ఆయనకు. అలాంటి మనిషిని 2005 నవంబరులో మా తెలుగు సంఘం వాళ్ళు పది నిమిషాలు మాట్లాడమని పిలిచారు.

అంతకు ముందు నెలలోనే కాశ్మీరులో భూకంపం వచ్చింది. ఢిల్లీలో ఫ్యాన్లు ఊగాయి. అప్పటిదాకా మా ఆయన ఏం చదివారో అడగని వాళ్ళు కూడా ఫోన్లు చేసి మళ్ళీ ఎప్పుడొస్తుందని అడగడం మొదలుపెట్టారు. ఎవరూ చెప్పలేరండీ అంటే, ఇన్నేళ్ళు చదివి అదీ తెలియదా అన్నట్టు ఫోను పెట్టేసేవారు. నాకు ఒళ్ళు మండేది.

సంఘం కార్యదర్శి రామమోహనరావు గారు కేంద్ర ప్రభుత్వంలో పెద్ద ఆఫీసరు. ప్రొఫెసర్లను పిలిచి, ఆదివారం సాయంత్రాలు వాళ్ళ పరిశోధన గురించి మామూలు జనానికి చెప్పించడం ఆయన సరదా. బల్ల మీద గంట పెట్టుకుని కూర్చుంటారు. "ఈక్వేషన్లూ గట్రా వద్దండి. మా అత్తగారికి అర్థమైతే చాలు" అన్నారు ఫోనులో. మా ఆయన వారం రోజులు కూర్చుని రాసుకున్నదంతా కొట్టేస్తూ పోయారు. ఒక్కో వాక్యం కొట్టేసినప్పుడు పన్ను పీకించుకున్నట్టు మొహం పెట్టేవారు. వంటింట్లోంచి చూస్తే నాకు నవ్వూ వచ్చేది, జాలీ వేసేది.

ఆ రోజు బూట్ల అట్టపెట్టెలో పుస్తకాలు కుక్కి, దానికి సుద్దముక్కలు కాళ్ళుగా అతికించి, ట్రే మీద నిలబెట్టారు. "పై అంతస్తులన్నిటికీ గోడలున్నాయి. కింద మాత్రం కార్ల కోసం గోడలు మానేసి ఉత్త స్తంభాలు వదిలేశాం. భూమి ఊగితే దెబ్బంతా వాటి మీదే పడుతుంది" అని ట్రే కుదిపారు. కాళ్ళు విరిగి పెట్టె చతికిలపడింది. జనం గారడీ చూసినట్టు చప్పట్లు కొట్టారు. "ఆ స్తంభాల మధ్య అక్కడక్కడా గోడలు కట్టుకుంటే చాలావరకు కాపాడుకోవచ్చు. అయితే..." అంటుండగా గంట మోగింది. మా ఆయన నోరు మూసుకుని, దణ్ణం పెట్టి దిగిపోయారు. తర్వాత అందరూ పకోడీలు తిన్నారు.

ఢిల్లీ పక్కన ఘాజియాబాద్‌లో మేముండే బిల్డింగు అచ్చం ఆ అట్టపెట్టెలాంటిదే. భూకంపాల పంతులు ఇల్లు కొనేటప్పుడు కాళ్ళు చూసుకోవద్దా అని నేను దెప్పుతూనే ఉంటాను. మన జీతానికి దొరికేవన్నీ ఇలాంటివే సునందా, అంటారాయన.

మా బిల్డింగు నుంచి మాతో పాటు ఆ ఉపన్యాసానికి వచ్చినావిడ సరళకుమారి గారు. నరసాపురం వైపు మనిషి. ఒక ఆస్పత్రిలో నర్సు. భర్త లేరు. కూతురు అనుగ్రహతో మొదటి అంతస్తులో, సరిగ్గా స్తంభాల నెత్తిన ఉంటారు. తిరిగొచ్చి వ్యాన్ దిగాక ఆవిడ కింద స్తంభాలకేసి చూస్తూ లోపలికి నడిచారు.

మరుసటి ఆదివారం మా ఆయన మేడ మీద ఎండలో బిల్డింగు వాళ్ళందరినీ కూర్చోబెట్టి, అదే పెట్టె తెచ్చి, హిందీలో చెప్పారు. నాలుగు వైపులా సమానంగా గోడలు కట్టాలన్నారు. అంటే కొందరి కార్ల చోటు పోతుంది. అందరూ బాగుందన్నారు. ఎవరి చోటు అనేసరికి గొడవ మొదలైంది. "డాక్టర్ సాబ్, గాడీ క్యా సర్ పే రఖేంగే?" కారు నెత్తిన పెట్టుకోవాలా అని అరిచాడు సొసైటీ సెక్రటరీ త్యాగీ. ఇంట్లో పిల్లలున్న వాళ్ళే మా ఆయన మీద విరుచుకుపడ్డారు. ఇళ్ళ ధరలు పడిపోతాయి, ఈ మాట బయట అనొద్దని ఒకాయన చేతులు పట్టుకున్నాడు. మా ఆయన పెట్టె చంకన పెట్టుకుని దిగి వచ్చేశారు. డ్యూటీలో ఉండి సరళకుమారి గారు ఆ మీటింగుకు రాలేకపోయారు.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం నేను కూరగాయలకని దిగితే, మూలనున్న సరళకుమారి గారి పార్కింగ్ చోట్లో మేస్త్రీ గోడకు సిమెంటు పూస్తున్నాడు. ఆవిడకు కారు లేదు, స్కూటీయే. దాన్ని గేటు పక్కకు జరిపేసి, రెండు స్తంభాల మధ్య నిండుగా ఇటుక గోడ లేపించారు.

"ఎవరి కోసమో ఎదురుచూస్తే ఎలాగండీ? సార్ చెప్పాక మనసు ఊరుకోలేదు. నా వంతు నేను కట్టించేశాను" అన్నారు మొహం వెలిగిపోతూ.

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇంతమందిలో మా ఆయన మాట విన్న మనిషి ఒక్కరున్నారనుకుని మేస్త్రీకి టీ కూడా ఇచ్చాను. సాయంత్రం ఆయన స్కూటర్ దిగగానే గోడ చూపించాను. ఆయన హెల్మెట్ తీయకుండానే దాని ముందు నిలబడిపోయారు.

"ఒక్క మూలే గట్టిపడితే బిల్డింగు ఆ మూలను పట్టుకుని మెలి తిరుగుతుంది. మిగతా స్తంభాలు ఇంకా తొందరగా పోతాయి. కడితే అన్ని వైపులా కట్టాలి. లేకపోతే అసలు కట్టకూడదు" అన్నారు. సంఘంలో ఆ "అయితే" తర్వాత చెప్పబోయింది ఇదేనట. నాకు ఎంతో కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను.

ఆ మాట ఆవిడకు చెప్పడానికి మా ఆయన రెండుసార్లు మెట్లు దిగి వెనక్కి వచ్చారు. మూడోసారి నేనూ వెంట వెళ్ళాను.

"తీయించెయ్యాలమ్మా" అన్నారు.

"మీరే కదా సార్ చెప్పారు?" అన్నారావిడ. ఆయన కాగితం మీద గీసి మరీ వివరించారు. ఆవిడ ఆ బొమ్మ చూసి తలూపారు. "పోనీ మిగతావాళ్ళతో నేను మాట్లాడనా?" అని ఇంటింటికీ వెళ్ళి తలుపు తట్టారు కూడా. వారం తిరిగినా ఎవరూ ఒప్పుకోకపోయేసరికి, కట్టిన మేస్త్రీనే పిలిచి పగలగొట్టించారు.

చివరి ఇటుకలు ఎత్తుతుంటే త్యాగీ వచ్చి మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "అచ్ఛా కియా డాక్టర్ సాబ్. ఆప్‌నే తో డరా హీ దియా థా!" అన్నాడు, మంచి పని చేశారు, మమ్మల్ని హడలగొట్టేశారు అంటూ. ప్రొఫెసరే స్వయంగా గోడ తీయించాడు, ఇక భయమేమీ లేదట అని సాయంత్రానికల్లా బిల్డింగంతా చెప్పుకున్నారు. అది కాదండీ అని మా ఆయన ఇద్దరు ముగ్గురిని మెట్ల దగ్గర ఆపారు. వాళ్ళు నవ్వి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి సరళకుమారి గారు కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. అనుగ్రహకు పదేళ్ళు. "అంకుల్, తో అబ్ హమ్ క్యా కరేఁ?" మరి ఇప్పుడు మేమేం చెయ్యాలి అని అడిగింది.

ఇరవై ఏళ్ళు ఇదే చదివిన మనిషి, ఇదే చెప్పి బతికే మనిషి, చంటిపిల్లాడిలా నిలబడిపోయారు.

"నాకు వారం నైట్ డ్యూటీ పడింది సార్. పిల్ల ఒక్కతే పడుకోవాలి. ఏ గదిలో పడుకోమంటారు?" అన్నారావిడ.

ఆయన అవస్థ చూడలేక నేనే అందుకున్నాను. "ఆ గదీ ఈ గదీ ఎందుకండీ, మా ఇంట్లో పడుకుంటుంది" అన్నాను. సరళకుమారి గారు నా వైపు చూసి, సరేనండీ అన్నారు. పిల్లకు పక్క వేస్తూ కిటికీలోంచి కిందికి చూశాను. త్యాగీ కారు మా కిందే, మా ఇంటినీ మోస్తున్న స్తంభాల మధ్య నిలబడి ఉంది.