బొందలగడ్డ మీద టాకీసు

మైసయ్యను పంచాయతి మెంబరును చేసింది రఘుపతిరావు దొరే. పోలీసు చర్య జరిగి పదేళ్లు దాటినా, హాలియా రోడ్డు మీదున్న ఆ ఊళ్లో మాట ఇంకా గడీదే. కొత్త చట్టం ప్రకారం పంచాయతిలో హరిజనులకు ఒక స్థానం ఉండాలన్నారు. హరిజనవాడలో చదువుకున్నవాడు ఏసోబు ఉన్నాడు, మైసయ్యకు అన్న కొడుకు. దొర అతణ్ణి కాదని మైసయ్యను పిలిపించాడు. మైసయ్య బావి నీళ్లు తోడే మోటబొక్కెనలు కుట్టుకుని బతికేవాడు. తోలుతో తప్ప మనుషులతో ఎక్కువగా మసలని మనిషి. ఎవరైనా గట్టిగా మాట్లాడితే తలవంచుకుని వినేవాడు. దొరకు కావలసింది అదే.

సర్పంచి కూడా దొరే. మీటింగుల్లో అందరికీ కుర్చీలు, మైసయ్యకు గుమ్మం పక్కన ఒక పీట. తాసిల్దారు వచ్చిన రోజు మాత్రమే దానిమీద కూర్చోమనేవారు, మిగతా రోజుల్లో నేలే. తీర్మానం చదవడం అయ్యాక దొర "చెయ్యెత్తు మైసిగా" అంటే ఎత్తేవాడు. అయినా అతని భార్య జానమ్మకు లోపల గర్వమే. మీటింగు ఉన్ననాడు ధోవతి తెల్లగా ఉతికి ఆరేసేది, వాకిట్లో నిలబడి అతను మూలమలుపు తిరిగేదాకా చూసేది.

సాగర్ డ్యాం పని మొదలయ్యాక ఊరి దశ మారింది. లారీలు, బస్సులు, కూలీలు, ఇంజనీర్లు. బస్టాండు పక్కనున్న పంచాయతి జాగాలో టాకీసు కట్టుకుంటానని రైసుమిల్లు లింగయ్య సేటు దరఖాస్తు పెట్టాడు. టాకీసు ముందు దుకాణాల వరుస, వెనక పెద్దమనుషులు ఆడుకోవడానికి క్లబ్బు, చుట్టూ పూలచెట్లతో పార్కు. అభ్యంతరాలు విని గానీ అనుమతి ఇవ్వకూడదని రూలు. ఆ సంగతి ఊరంతా చాటమని దొర మైసయ్యకే చెప్పాడు. మెంబరైనా డప్పు కొట్టాల్సింది అతనేనన్న దాంట్లో ఎవరికీ వింత కనిపించలేదు, అతనికీ కనిపించలేదు. బస్టాండు పక్క జాగా అంటే బండ్లు ఆగే మైదానమే కదా అని వాడలో ఎవరూ పట్టించుకోలేదు.

విచారణ ఎండాకాలం ఒక పొద్దున జరిగింది. పంచాయతి ఓవర్సీరు బల్ల మీద పటం పరిచాడు. మొదట హెడ్మాస్టరు లేచి, టాకీసు బడికి మరీ దగ్గరగా ఉందనీ, పిల్లలు చెడిపోతారనీ అన్నాడు. న్యాయమే అన్నారు. ఓవర్సీరు గీత చెరిపి తూర్పుకు జరిపాడు. కిరాణా వర్తకులు కొత్త దుకాణాలు తమకు ఎదురుగా వద్దన్నారు. గీత ఇంకా జరిగింది. క్లబ్బు గోడ తన బండ్లబాటకు అడ్డమొస్తుందని పట్వారి అన్నాడు. మళ్లీ జరిగింది. అందరి మాటా విన్నారు, అందరికీ చాయ్ ఇచ్చారు.

మైసయ్యకు పటం అర్థం కాదు. కాని వాళ్లు చెప్పుకుంటున్న గుర్తులు అర్థమవుతున్నాయి. ముందు మైదానం అన్నారు, తర్వాత చింతచెట్టు అన్నారు, ఇప్పుడు తుమ్మల అవతల అంటున్నారు. తుమ్మల అవతల ఉన్నది వాడవాళ్ల బొందలగడ్డ. అతని అమ్మానాయినలు అక్కడే ఉన్నారు. కలరా గత్తర వచ్చిన ఏడాది పోయిన బిడ్డ యాదలక్ష్మి అక్కడే ఉంది. ఆరేళ్ల పిల్ల. తన చేతులతోనే మన్ను కప్పాడు.

మెంబరయ్యాక మొదటిసారి అడగకుండానే లేచి నిలబడ్డాడు.

"దొరా, గాడ మా బొందలున్నయి. మా పొల్ల ఉన్నది."

"ఉండనీ, టికెట్ లేకుంటనే సిన్మా చూస్తది" అన్నాడు సేటు.

గదంతా నవ్వింది. హెడ్మాస్టరు కూడా కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. దొర మాత్రం నవ్వలేదు. డప్పు ఎవరు కొట్టారని మెల్లగా అడిగాడు. నేనే అన్నాడు మైసయ్య. మరి మీవాళ్లలో ఒక్కడైనా అభ్యంతరమని వచ్చాడా అని అడిగాడు. డప్పు కొట్టింది వేరే జాగాకు కదా అన్న మాట మైసయ్యకు ఆ ఘడియలో నోటికి రాలేదు.

హరిజన మెంబరు చెయ్యెత్తకపోతే పైవాళ్లు సవాలక్ష అడుగుతారని దొరకు తెలుసు. మైసయ్యను ఉంచి మిగతా అందరినీ బయటికి పంపి, వాడ గుడిసెలన్నీ ఎవరి జాగాలో ఉన్నాయని అడిగాడు. దొరవారి జాగాలోనేనని మైసయ్య అన్నాడు. అప్పుడు దొర గొంతు ఇంకా మెత్తగా చేశాడు.

"మిరుగు వానలు పడేదాక గడ్డ ముట్టం. గా లోపట మీవోళ్లను తీస్కపోయి వాగవతల పెట్టుకోన్రి. నా మాట మీద నమ్మకం లేదా?"

మెంబర్లు మళ్లీ లోపలికొచ్చారు. మైసయ్య చెయ్యెత్తాడు.

ఆ రాత్రి అతను ఇంట్లో చెప్పలేకపోయాడు. మిరుగుకు ఇంకా వ్యవధి ఉంది, తెల్లారి చెబుదామనుకున్నాడు. తెల్లారేసరికి తుమ్మల అవతల పారలు పడుతున్నాయి. కూలీలను సేటు ముందే తెప్పించి పెట్టుకున్నాడు. మైసయ్య గడీకి పరిగెత్తాడు. పొద్దెక్కేదాకా వాకిట్లో నిలబెట్టి, దొర ఒక జీతగాడితో కబురు పంపాడు: సేటు పెట్టిన కాంట్రాక్టరు వినడం లేదట, నేనేం చేసేది అని.

బొందలగడ్డ మన్ను బండ్లకెత్తి రోడ్డు గుంతల్లో పోస్తున్నారు. వాడ ఆడవాళ్లు ఆ బండ్లకు అడ్డం పడ్డారు. మేస్త్రీ తిట్టి పక్కకు నెట్టించాడు. జానమ్మ మన్నుకుప్పల్లో కూర్చుని చేతులతో కెలికింది. చిన్న ఎముకలు దొరికాయి. ఆమె పక్కన గోవిందమ్మ, అవతల ఇంకొక తల్లి, అందరికీ చిన్న ఎముకలే దొరుకుతున్నాయి. గత్తర ఒక్క ఇంటికే రాలేదు మరి. ఇది నా బిడ్డది, కాదు నాదని ఇద్దరు తల్లులు కొట్లాటకు దిగారు. చివరికి దొరికినవన్నీ ఒక పాత చీరలో మూటగట్టి, వాగవతల ఒకే గుంతలో పెట్టారు.

అక్కడే, అందరి ముందూ ఏసోబు అడిగాడు.

"చిన్నాయినా, నువ్వు చెయ్యెత్తినవా లేదా? గదొక్కటి చెప్పు."

"ఎత్తిన."

ఎవరూ కొట్టలేదు. గుడిసెల సంగతి చెప్పడానికి అతను నోరు తెరిచేలోగా అందరూ వెనక్కి తిరిగి నడిచారు. ఆనాటి నుంచి వాడలో అతనికి ఎవరూ నిప్పు ఇవ్వలేదు. పెళ్లికి పిలవలేదు, చావుకు రానివ్వలేదు. జానమ్మ అదే వారంలో తన తమ్ముడి ఊరు వెళ్లిపోయింది.

ఆమెను తీసుకురావడానికి మైసయ్య వెళ్లాడు. ఆమె మంచినీళ్లిచ్చింది, దూరంగా కూర్చుంది. చెయ్యెత్తకపోతే దొర వాడ మొత్తాన్ని లేపేస్తానన్నాడని అతను చెప్పుకున్నాడు. ఆమె అంతా విని అంది:

"లేపితే పోదుము. గుడిసె ఏడైన ఏసుకుందుము. నా బిడ్డ నాకు మల్ల ఏడ దొరుకుతది?"

మైసయ్య చెంబు కిందపెట్టి లేచి వచ్చేశాడు.

మరుసటి ఏడు టాకీసు తెరిచారు. గోడకున్న శిలాఫలకం మీద కట్టకడపట 'గౌరవ సభ్యులు మైసయ్య' అని చెక్కించారు. సేటు అతణ్ణి పిలిచి మెడలో దండ వేశాడు. అతను లోపలికి పోలేదు. వాడ కుర్రాళ్లు కొన్నాళ్లు అటు చూడనైనా లేదు. ఆ తర్వాత ఒకరొకరే వెళ్లడం మొదలుపెట్టి, తెర ముందు నేలమీద కూర్చుని ఈలలు వేశారు. క్లబ్బులో దొర కొడుకులు బ్యాడ్మింటన్ ఆడారు.

పదవీకాలం ముగిసేదాకా మైసయ్య ప్రతి మీటింగుకూ వెళ్లాడు. పిలిచేవాళ్లు అక్కడ తప్ప ఇంకెక్కడా లేరు. తర్వాత ఎవరికీ చెప్పకుండా డ్యాం పనికి పోయాడు. రాళ్లు మోస్తూ, ఒక ఎండాకాలం వడదెబ్బ తగిలి అక్కడే పోయాడు. ఊరేదో, అయినవాళ్లెవరో అతను కూలీలకు ఎప్పుడూ చెప్పలేదు. వాళ్లే ఎక్కడో పూడ్చారు.

డ్యాం పనికి పోయొచ్చిన ఊరివాడొకడి ద్వారా కబురు జానమ్మకు చాలా ఆలస్యంగా చేరింది. అప్పుడామె వరి కలుపులో ఉంది. చెప్పినవాణ్ణి ఒక్కసారి చూసి, గట్టు మీదికొచ్చి గాజులు రాయికేసి కొట్టుకుంది. మళ్లీ మడిలోకి దిగింది.