ఆకాశం నుంచి పడని గాజు

పదిహేడేళ్ల వయసులో ఎవరికైనా ఏదో ఒక పిచ్చి పట్టక తప్పదు. 1960లలో మా రాజపాళయంలో నా ఈడు పిల్లలకు చీరల పిచ్చి, సినిమాల పిచ్చి ఉండేవి. నాకు మాత్రం గుంటల పిచ్చి పట్టింది. మదురైలో పి.యు.సి. చదువుతూ కాలేజీ లైబ్రరీలో ఒక పత్రిక చూశాను. ఆకాశం నుంచి పెద్ద రాయి పడితే నేల గుంట పడుతుందట, ఆ వేడికి అక్కడి రాళ్లు కరిగి గాజవుతాయట. కరిగినప్పుడు లోపలి పాత వాయువు బయటికి పోతుంది, చల్లారాక కొత్తది కొద్దికొద్దిగా చేరుతుంది. అదెంత చేరిందో కొలిస్తే గుంట ఎన్ని లక్షల ఏళ్ల నాటిదో చెప్పవచ్చు! (మా ఇంట్లో నా వయసే ఎవరూ సరిగ్గా చెప్పలేరు.) ఆ రోజు నుంచి మద్రాసు వెళ్లి భూగర్భశాస్త్రం చదవాలన్న బెంగతో నాకు అన్నం సహించేది కాదు.

సెలవుల్లో చోళపురం వెళితే, అవ్వ పుట్టింటివారి చేలో గుండ్రటి గుంట ఒకటి కనబడింది. దాని అంచున ముదురాకుపచ్చగా మెరిసే గాజుముక్కలు! నేను గుంట చుట్టూ అడుగులు కొలుస్తూ పరుగెడుతుంటే పత్తి ఏరే ఆడవాళ్లు పని మాని చూశారు. ముక్కలు దావణి కొంగున కట్టుకొచ్చి తాత ముందు పోశాను. మా ఇంట్లో పైచదువు సంగతి ఆయనే తేల్చాలి.

"ఇది ఆకాశంలోనుంచి పడినదేనని పెద్ద చదువు చదివినవాళ్లు రాసి ఇస్తే, కండిప్పా, తప్పకుండా నిన్ను మద్రాసుకు పంపిస్తాను పాపా. లేదంటే పెళ్లికి సరి అనాల" అన్నారు తాత. పక్కన చిక్కుడుకాయలు తుంచుతున్న అవ్వ ఒక ముక్కను తిప్పి చూసి నా చేతికిచ్చింది.

మద్రాసులో ఒక భూగర్భశాస్త్రం ప్రొఫెసరుగారికి గాజుముక్కలు, గుంట కొలతలు పార్సిలు పంపాను. తర్వాత ఆరు వారాలు పోస్టుమాన్ కోసం ఎదురుచూసినంతగా, పెళ్లయ్యాక మా ఆయన కోసం కూడా ఎదురుచూడలేదు. చివరికి ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో రెండే వాక్యాలు: అది పాత సున్నపు బట్టీ (మా ఊరి మాటలో కాళవాయి), ఆ గాజు బట్టీ మంటకు కరిగిన మట్టి.

"ఏమి రాసినారు పాపా?" అన్నారు తాత.

ఇంట్లో ఇంగ్లీషు వచ్చినది నాకొక్కదానికే. "ఆకాశందేనంట" అంటే చాలు, రైలెక్కేదాన్ని. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ శాస్త్రం చదవబోయేదాన్ని ఫలితం మార్చి చెప్పవచ్చునా?

"సున్నం కాళవాయి అంట తాతా" అన్నాను.

"నిజం చెప్పినావు, మంచి పిల్లవి" అని మెచ్చుకుని, ఆయన మర్నాడే సంబంధాలు చూడడం మొదలుపెట్టారు.

వంటింట్లో అవ్వ నా చెవి మెలిపెట్టింది. "ఆ కాళవాయి మా నాయన పెట్టినాడే! చిన్నప్పుడు దానికి నేనే నీళ్లు మోసినాను. గాజు చూసిన దినమే తెలిసింది నాకు. నీవు చదువుకోవాలని నోరు మూసుకొని ఉంటిని గదే పిచ్చిదానా! కాగితం నీ చేతిలో, చదివేది నీవొకతే. ఒక్క అబద్ధం చెప్పేదానికేమి?"

ఆమె కళ్లలో నీళ్లు చూశాక గానీ నాకు ఏడుపు రాలేదు. ఇప్పుడు నాకూ మనవరాళ్లున్నారు, మద్రాసు బెంగ మాత్రం తీరలేదు. ఆ పదిహేడేళ్ల పిల్ల కనబడితే రెండో చెవి నేనే మెలిపెడదామనిపిస్తుంది. పోనీలే, జన్మలో నేను చేసిన పరిశోధన అదొక్కటే. ఫలితం ఉన్నదున్నట్టే చెప్పాను.