చెంబంత తంజియా కుండ

మా వదిన యామ్నా పిసినారి అని మా వీధంతా అంటుంది. అననీ! ఒకసారి కాచిన టీ ఆకు ఎండబెట్టి మళ్లీ కాచేది, అరిగిన సబ్బు ముక్కలన్నీ ముద్ద చేసి పిల్లల తల రుద్దేది ఆవిడే. మా అన్న అల్లాల్ తోలుచెప్పులు కుట్టి తెచ్చేదాంతో నలుగురు పిల్లల్ని సాకాలంటే ఏం చేస్తుంది మరి? మాంసం శుక్రవారం ఒక్కపూటే. అదీ ముందు పిల్లలకి, తర్వాత అన్నకి. ఆవిడ వంతుకు ఎముక.

ఒక గురువారం సాయంత్రం అన్న విప్పిన పొడుగు అంగీ, జెల్లాబా, ఉతకబోతూ, ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"కుంకుమపువ్వు," అంది. "ఊరేసిన నిమ్మకాయ కూడా. మీ అన్న ఎక్కడో విందు తిని వస్తున్నాడే."

"దుకాణంలో అంతా కలిసి కుండలో తంజియా మాంసం వండుకుని ఉంటారులే వదినా."

"అలాగైతే ఇంటికొచ్చి గొప్పలు చెప్పడూ? నోరు విప్పట్లేదంటే ఎవత్తో వండి పెడుతోంది."

నిప్పు లేనిదే పొగ రాదు కదా, నాకూ అనుమానం పట్టుకుంది. వారమంతా ఇద్దరం అన్నని కనిపెడుతూనే ఉన్నాం. ఆయన నవ్వితే అనుమానం, నవ్వకపోతే మరీ అనుమానం. గడ్డం దువ్వుకున్నా ఎవరికోసమో అనిపించేది.

మళ్లీ గురువారం హమ్మాం వెనక్కి వెళ్లాం. స్నానాల నీళ్లు కాగే ఆ పొయ్యి బూడిదలోనే మరాకేష్ మగవాళ్లు తంజియా కుండలు పూడ్చి ఉడికించుకుంటారు. పొయ్యి చూసే బూజమా మమ్మల్ని చూసి ఇకిలించాడు.

"అల్లాల్ కుండేనా అమ్మా? ఇప్పుడే తోటలవైపు పట్టుకుపోయాడు. చెంబంత కుండ! పదిమంది కూర్చుని తినే వంటకం అది. ఆయన ఎవరికి పెడుతున్నాడో ఆ దేవుడికే తెలియాలి."

వదిన మొహం పాలిపోయింది. "ఇద్దరికైతే సరిపోతుంది," అంది.

కోటగోడ పక్కన, ఆలివ్ చెట్ల కింద కనబడ్డాడు మా అన్న. ఒక్కడే. కుండ ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని నములుతున్నాడు.

"ఏదీ అది? ఎక్కడ దాచావు?" వదిన కేకకి అన్నకి పొలమారింది.

"ఎవరూ లేరు యామ్నా! పొగాకు మానేసి ఇది కొనుక్కుంటున్నా. ఇంటికి తెస్తే తలా ఒక్క ముక్క కూడా రాదు. వారానికోసారైనా కడుపునిండా తినాలనిపించింది."

"నాకు లేదా కడుపు?"

ఎవత్తైనా ఉండుంటే జుట్టు పట్టుకునేది. లేకపోయేసరికి ఆవిడకి ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే కూలబడి, కుండ లాక్కుని, ఆయన రొట్టె తుంచుకుని, మెత్తటి ముక్కలు ఏరుకుని మరీ తింది. ఇంత తిరిగాను కదా, నువ్వూ ఒక ముక్క తినవే అని ఇద్దరిలో ఒక్కరైనా అంటే ఒట్టు!

ఆ పూట ఇంట్లో చిక్కుడుగింజల జావ. వదిన తనకి పోసుకోలేదు. ఆకలి లేదంది. పెద్దపిల్ల ఝమియా ఆవిడ వంక గుచ్చి గుచ్చి చూసింది.

"నీకెప్పుడూ ఆకలుండదేంటమ్మా? మాకు చాలదనేగా నీ నాటకం? నాకన్నీ తెలుసు."

ఆ పిల్ల తన గిన్నె తల్లి ముందుకు తోసి లేచిపోయింది. అన్న తల ఎత్తలేదు. వదిన ఆ జావంతా మింగలేక మింగలేక తాగింది.