నాన్న నిద్రపోయే వేళ చదువు

మా క్వార్టర్ల లైన్లో ఎవరింట్లో నైట్ షిఫ్ట్ నడుస్తోందో బయటి నుంచే చెప్పేయొచ్చు. పట్టపగలు కిటికీలకు దుప్పట్లు వేలాడుతుంటాయి. చుట్టాలొచ్చినా గుమ్మం ముందే గుసగుసగా మాట్లాడి వెళ్లిపోతారు. మా ఆయనది బొగ్గు బాయిలో పని. నైట్ షిఫ్ట్ వారాల్లో పొద్దున వచ్చి పడుకుంటాడు, సాయంత్రం మళ్లీ ఓ కునుకు తీసి డ్యూటీకి పోతాడు. నిద్ర చాలక భూమి కింద కళ్లు మూతలు పడితే ఏం గతి? ఆ భయంతో నేను కుక్కర్ కూడా పెట్టేదాన్ని కాదు. టీవీ సౌండు తీసేసి సీరియల్ చూసేదాన్ని. అత్త కోడల్ని ఏమని తిడుతోందో నాకు నేనే ఊహించుకోవాలి!

మా బిడ్డ మూడో తరగతి. ఆ ఇంట్లోనే చదవడం నేర్చింది. పెదాలు కదులుతాయి, చప్పుడు రాదు. ఎంత బుద్ధిమంతురాలో అని నేను మురిసిపోయేదాన్ని.

ఒకరోజు బడికి రమ్మని కబురొచ్చింది. "గట్టిగ చదవమంటే నోరు తెరుస్తలేదమ్మా. చదువుడు రాదేమో. ఈ నెల చూస్త, లేకుంటే రెండో తరగతి పిల్లలతోని కూసోబెడ్త" అంది టీచరమ్మ. నాకు ఒళ్లు మండింది. "ఏందమ్మా గట్లంటవ్? నా బిడ్డకు సదువుడు రాదా? పుస్తకమంత సదివేసింది!" అన్నాను. టీచరమ్మ పుస్తకం బిడ్డ చేతికిచ్చింది. అది పెదాలు కదిపింది. పక్కనే నిలబడ్డ నాకే ఏమీ వినపడలేదు. నా ప్రాణం ఉసూరుమంది.

సాయంత్రం దాన్ని పెరట్లోకి తీసుకెళ్లి చదవమన్నాను. అదే గుసగుస. "ఓసినీ, గట్టిగ సదువే! నోట్ల ముద్ద పెట్టుకున్నవా?" అని అరిచాను.

"నాన్న లేస్తడమ్మా" అంది ఏడుపు మొహంతో.

నా కేకకే ఆయన లేచి వచ్చాడు. జరిగింది చెప్పాను.

"నా నిద్ర కోసం బిడ్డ నోరు కట్టేసినమా?" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. దాన్ని లోపలికి తీసుకెళ్లి మంచం మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఇగ సదువు. నాకు ఇనపడాలె."

"మరి నీకు నిద్ర?"

"బాయిల మిషిన్ల మోత కాడ పనిజేసేటోణ్ణి. నీ గొంతుకు బెదురుతనా?"

కోతి వాగు దాటే పాఠం అది. బిడ్డ ఒక్కో మాట చదవడం, ఆయన "ఇనపడలే" అనడం. "వాగవతల ఉన్నోళ్లకు ఇనపడాలె" అంటే కిసుక్కున నవ్వింది. కొన్నాళ్లకు దాని గొంతు గుమ్మం దాటింది. ఒక సాయంత్రం అది చదువుతుండగానే ఆయన గుర్రు పెట్టాడు. ఇక చాలని నేను సైగ చేస్తే ఆపింది. వెంటనే ఆయన కళ్లు తెరిచాడు.

"ఆపినవేం బిడ్డా? ఆ కోతి దాటిందా లేదా?"

నెలాఖరుకు బడిలో మళ్లీ చదివించారు. వరండాలో ఉన్న నాకు ప్రతి మాటా వినపడింది. "ఇగ చాలు, కూసో తల్లీ" అని టీచరమ్మ నవ్వింది. కూర్చుంటేగా! పాఠం అయిపోయేదాకా చదివింది. నేను కొంగుతో మొహం తుడుచుకుంటూ అక్కడే నిలబడ్డాను.

మొన్న సెలవులకు దాన్ని దుమ్ముగూడెంలో మా అమ్మ దగ్గరికి పంపాను. ఆ వారం ఆయనకు నైట్ షిఫ్ట్. ఇల్లు చడీచప్పుడు లేకుండా ఉంది. అయినా సాయంత్రం మంచం మీద ఇటు దొర్లాడు, అటు దొర్లాడు. చివరికి ఫోన్ తీశాడు.

"బిడ్డా, పుస్తకం తీస్కపోయినవా? అవ్, నిద్ర వస్తలేదు. జర సదువు."

ఫోన్ దిండు మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. రెండో పేజీ రాకముందే గుర్రు మొదలైంది. నేను ఫోన్ కట్ చేయలేదు. బిడ్డ చదవడం ఆపితే లేస్తాడు.