వర్క్‌షాప్ సబ్బు, అమ్మోరి పసుపు

మా ఇంట్లో ఏ వస్తువూ దాని పని అది చేసుకునే రోజులు పోయినాయి. టూత్‌పేస్టు పళ్లకి కాదు, మొటిమలకి. బంగాళాదుంప కూరకి కాదు, కళ్ల కింద నలుపుకి. అరటితొక్క చెప్పుల పాలిష్‌కి, కోలా లెట్రిన్‌కి, టమాటా సాస్ ఇత్తడి చెంబులకి. పెరుగు తలకి పోయింది, శనగపిండి మొహానికి పోయింది, ఇంక మజ్జిగా బజ్జీలూ దేనితో చెయ్యాలో ఫోన్లో అందం చిట్కాల వీడియోలు పెట్టే ఆ పిల్లే చెప్పాలి. ఆ పిల్ల ప్రతి వీడియో మొదట్లోనూ "మీ వంటింట్లోనే ఉంది మీ అందం" అంటాది. మా వంటింట్లో ఏటున్నాదో ఆవిడకెలా తెలుసో. నేను రోజూ అందులోనే చస్తున్నాను, నాకు ఇంతవరకూ కనపళ్లేదు.

ఈ విద్యలన్నీ పట్టుదలగా నేర్చుకున్నది మా తోటికోడలు, అంటే మా మరిది పెళ్లాం. ఖరగ్‌పూర్ నిమ్‌పురాలో మా ఆయన పేరు మీదున్న రైల్వే క్వార్టర్లోనే అందరం ఉంటాం. ముందు గది మాది, రేకులు వేయించిన వెనక వరండా వాళ్లది, మధ్యలో వంటింటి గుమ్మం పక్కన మంచం మా అత్తది. అన్నదమ్ములిద్దరి పనీ రైల్వే వర్క్‌షాపులోనే. పొద్దున్నే సైకిళ్లు తీసినారంటే మళ్లీ సాయంత్రమే మొహాలు కనపడతాయి. ఆ మధ్యలో తోటికోడలి ప్రయోగాలు, నా తిట్లు.

ఒకసారి కోడిగుడ్డు తలకి పట్టించి, పిల్ల చెప్పిన చల్లనీళ్లు మర్చిపోయి, వేడివేడి నీళ్లు పోసుకుంది. గుడ్డు జుట్టులోనే ఉడికిపోయింది. నేనూ, పక్క క్వార్టర్లో బెంగాలీ దీదీ ఎండలో కూర్చుని దువ్వెనతో ఏరినాం. దీదీ వాళ్ల భాషలో ఎంత పనయ్యిందని "కీ కాండో, కీ కాండో" అంటూ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతుంటే, ఈవిడ మాత్రం బుద్ధిగా మెడ వంచుకుని "మెరుపొచ్చిందా అక్కా?" అని అడుగుతాది. వచ్చింది తల్లీ, ఉల్లిపాయ ఒక్కటే తక్కువ అన్నాను. ఇంకోసారి కాఫీపొడి మొహానికి రుద్ది తూములో వదిలింది. ఆ తూము నేనూ మా ఆయనా ఇనపకమ్మీతో పొడిచి పొడిచి తెరిచినాం. మా ఆయన ఎవర్నీ ఏమీ అనడు. ఆరోజు మాత్రం "ఈసారి టీపొడి రాసుకోమను, గింజ పెద్దది, బయటే ఆగుతాది" అన్నాడు.

తిట్టడం తిట్టినాను గానీ, ఈవిడకి ఈ పిచ్చి ఎందుకు పట్టిందో మా క్వార్టర్ల లైనంతటికీ తెలుసు. పలాస అవతల నించి పెళ్లి చేసుకుని వచ్చిన కొత్తలో, చూడ్డానికొచ్చిన ఆడోళ్లు మా ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి చూసినారు. పెద్దకోడలు దూద్ చా, చిన్నకోడలు లాల్ చా అన్నారు. పాలు పోసిన టీ నేనంట, పాలు లేనిది ఆవిడంట. అందరూ నవ్వినారు, మా అత్త కూడా నవ్వింది. అప్పణ్ణించి ఆ పేరు అలాగే ఉండిపోయింది. "ఏటి, లాల్ చా లేదా ఇంట్లో?" అని గుమ్మంలోకొచ్చి అడిగే ఘనులున్నారు మా లైన్లో. ఆ అడిగేవాళ్ల మొహాలు చూస్తే, వాళ్ల టీలో పాలెప్పుడో విరిగిపోయినాయి.

ఎండలు ముదిరినాక మా తెలుగోళ్లు అమ్మోరి పూజ చేస్తారు. ఖరగ్‌పూర్‌లో బెంగాలీ వాళ్లు, ఒడియా వాళ్లు అందరూ దాన్ని మాతా పూజ అంటారు. ఇంటికో ఘటం కడతాం. ఇత్తడి బిందెకి పసుపు పూసి, వేపమండలు చుట్టి, ఇంటి ఆడమనిషి తల మీద పెట్టుకుని డప్పుల వెనకాల లైన్లన్నీ తిరుగుతాది. మా ఇంటి ఘటం ఎప్పుడూ మా అత్తే ఎత్తేది. ఆవిడకి భుజం పట్టేసినాక కొన్నేళ్లు నేనెత్తినాను. తర్వాత నా నడుంలో ఎముక జారి డాక్టరు బరువు ముట్టుకోవద్దన్నాడు. ఇంక ఇంట్లో మిగిలింది తోటికోడలు. ప్రతి ఏడూ ఆ బిందె చింతపండు పెట్టి తోమేది ఆవిడే, పసుపు నూరేది ఆవిడే, వేపమండలు కోసుకొచ్చేది ఆవిడే. ఎత్తడం మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు. ఆ ఏడు తనే వెళ్లి అత్త మంచం దగ్గర నిలబడి, "ఈసారి నానెత్తుతాను అత్తా" అంది. ఈ ఇంటికొచ్చినాక ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

మా అత్త పలక మీద పత్తి వేసుకుని దీపాల వత్తులు చేస్తున్నాది. తలెత్తకుండానే, "అమ్మోరి ముందు నడిచే మనిషి కుసింత కళగా ఉండాలే" అంది. తర్వాత, "సరేలే, ఎత్తు. ఇంకెవులున్నారు" అంది.

ఆ రెండో మాట ఈవిడ చెవికెక్కలేదు. మొదటిది మాత్రం ఎక్కి కూర్చుంది. మళ్లీ ఫోను తీసింది. ఈసారి ఆ పిల్ల చెప్పింది, ఏదో ఒక సబ్బు తురిమి, టూత్‌పేస్టు, నిమ్మరసం, పంచదార కలిపి మొహానికి రుద్దితే పెళ్లికూతురి రంగొస్తాదని. ఏదో ఒక సబ్బు అంది గదా అని మా తోటికోడలు మేం బట్టలకి, పొయ్యి గట్టుకి, తూముకి వాడే వర్క్‌షాప్ సబ్బు తీసింది. చేతుల గ్రీజు వదలడానికి మగవాళ్లకి ఇచ్చే మొద్దు సబ్బది. దాంతో రెండు బనీన్లు ఉతికితే నాకు గోళ్ల పక్కన తోలు లేచిపోతాది. తర్వాత నేను అడిగితే చెప్పింది, "ఇనుం మీద నలుపే పోతాది గదక్కా, నా నలుపు పోదేటి" అని. ఇంతకన్నా పనికిమాలిన లెక్క నేను వినలేదు.

పూజ రోజు పొద్దున్న స్నానాలగదిలో తలుపేసుకుని ఆ ముద్ద రుద్దుకుంది. ఆరోజు కుళాయి రాలేదు. బక్కెట్లో అడుగున ఉన్న నీళ్లతో గుడ్డ తడిపి తుడుచుకుని వచ్చేసింది. బుగ్గలు వాచినట్టున్నాయి, కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. ఏటయ్యిందే అంటే ఉక్కపోత అంది. నాకు వాకిట్లో వంద పనులు, వదిలేసినాను.

ఘటం ఎత్తేముందు ఆ మనిషికి మొహం నిండా పసుపు పుయ్యాలి. చెవి నించి చెవికి, జుట్టు మొదలు నించి మెడ దాకా, తోలు కనపడకుండా పూస్తారు. పసుపు పడినాక నలుపేటి, తెలుపేటి, దూద్ చా ఏటి, లాల్ చా ఏటి, అందరివీ ఒకటే మొహాలు. ఇన్నేళ్లు తన చేత్తో పసుపు నూరిన మనిషికి ఆ సంగతి తోచలేదే అని ఇప్పటికీ తిట్టుకుంటాను.

లైన్లో పెద్దావిడ ఒకామె పసుపుముద్ద తడిపి పూసింది. పూసిన కాసేపటికి ఆ పసుపు రంగు మారింది. ముందు బుగ్గల మీద మచ్చలు మచ్చలుగా, తర్వాత నుదురంతా, తడి నెత్తురు రంగు. పూసినావిడ చెయ్యి వెనక్కి లాక్కుంది. డప్పులాగిపోయినాయి.

ఇంక చూడాలి మా లైను ఆడోళ్ల తెలివి. అమ్మోరికి కోపమొచ్చిందని ఒకత్తి. మైల మనిషి ఎవరో ముట్టుకున్నారని ఇంకొకత్తి. ఆపేయండి, ఆ ఘటం ఎత్తితే లైనంతా అమ్మోరు పోస్తాదని మూడోది. "లాల్ చా మొహాన ఎప్పుడైనా పసుపు నిలిసిందేటి" అన్న మహాతల్లి కూడా ఉంది. మా తోటికోడలికి ఏమయ్యిందో తెలీదు, అద్దం లేదు గదా. రెండు చేతులూ ముందున్న బిందె మీద వేసి అందరి మొహాలూ చూస్తున్నాది. మా అత్త మంచి చెయ్యి చాపి, "ఒగ్గేయే, ఆ బిందె ఒగ్గేయ్" అంది. ఈవిడ ఒగ్గలేదు. నేను దగ్గరకెళ్లినాను. ఎరుపు గడ్డం దగ్గర గీత గీసినట్టు ఆగిపోయింది. మెడ మీద పసుపు పసుపులాగే ఉంది. వంగి వాసన చూసినాను. వర్క్‌షాప్ సబ్బు.

లోపలికెళ్లి ఆ సబ్బుముక్క తెచ్చినాను. తడిపి, నా అరిచేతికి అంటిన పసుపు మీద అందరి ముందూ రుద్దినాను. చెయ్యి ఎర్రబారింది. "మీ కొంపల్లో ఎవులూ పసుపంటిన సీర సబ్బెట్టి ఉతకలేదేటి? మీ సీరలక్కూడా అమ్మోరు కోపం సేసిందేటి?" అన్నాను. ఉతికేవాళ్లే అందరూ.

దీదీ వాళ్లింటి నించి బిందెడు నీళ్లొచ్చినాయి. నేనే కడిగినాను. పసుపుతో పాటు బుగ్గల మీద పొరలు పొరలుగా తోలు కూడా వచ్చేసింది. మా అత్త పక్కన నిలబడి చూస్తున్నాది.

"ఆ సబ్బు మొగానికెందుకు రాసినావే?" అంది.

"కళ నేదన్నావు గదా అత్తా," అంది తోటికోడలు. ఏడుపు లేదు, నిష్ఠూరం లేదు. అడిగితే చెప్పినట్టు చెప్పింది.

మా అత్త నా వైపు జరిగి, గొంతు తగ్గించి, "ఇంతా సేసింది గదా, తెలుపేమైనా వొచ్చిందేటి?" అని అడిగింది. నిజంగానే అడిగింది. చేతిలో సబ్బుముక్క ఆవిడ మీదకి విసరకుండా పిడికిలి బిగించుకున్నాను. ఫోన్లో పిల్లని ఇన్నాళ్లు తిట్టినాను. ఆ పిల్ల ఎక్కడో కూర్చుని సబ్బు తురమమంది, అంతే. తురిమేదాకా తీసుకొచ్చినోళ్లు మంచం మీదా, వాకిట్లోనూ ఉన్నారు.

ఆ మొహం మీద మళ్లీ పసుపు పుయ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. పసుపు లేకుండా ఎత్తకూడదని పెద్దావిడ నసిగింది. "కాళ్లకి పుయ్యండి. మొగం ఇలాగే వస్తాది," అంది తోటికోడలు. ఇంకెవరినీ అడక్కుండా బిందె తల మీద పెట్టుకుని లేచి నిలబడింది. డప్పులోళ్లకి ఏం చెయ్యాలో తోచక ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని కొట్టడం మొదలెట్టినారు. మిగతా ఆడోళ్లందరూ పసుపు మొహాలతో వరసలో నడిచినారు. మధ్యలో ఆవిడొకత్తే, కాలిన నల్లటి మొహం, ఎవరికీ దాచకుండా. నేను మజ్జిగ చెంబు పట్టుకుని పక్కనే నడిచినాను. అక్కణ్ణించి ఆరోజు లైన్లో ఎవరి నోటా లాల్ చా అన్న మాట రాలేదు.

ఘటం ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంటి పెద్ద ఎదురొచ్చి కాళ్లకి పసుపునీళ్లు పోసి, నుదుట బొట్టు పెట్టాలి. మా గుమ్మం దగ్గరికొచ్చేసరికి మా అత్త కుంకం గిన్నెతో నిలబడి ఉంది. నీళ్లు పోసింది. వేలు కుంకంలో ముంచి పైకెత్తింది. నుదుటి మధ్య పచ్చిపుండు. వేలు పక్కకి జరిపింది, అక్కడా అంతే. కనుబొమ్మ పైకి, కణత దగ్గరికి, మళ్లీ మధ్యకి తెచ్చింది. ఘటం మోసేవాళ్లు తల వంచకూడదు. తోటికోడలు కదలకుండా నిలబడింది. మా అత్త వేలు గాల్లో ఉంచుకుని, ఆ మొహాన్ని అంత దగ్గర్నించి, అంతసేపు, మొదటిసారి చూసింది. బొట్టు పెట్టడానికి చోటు దొరకలేదు.