సూరయ్య మేస్త్రీ ముడులు

మొన్న టీవీలు బాగుచేసే కొట్టు ముందు నుంచి వస్తుంటే టంకం కరిగే వాసన వచ్చింది. కొనాల్సిందేమీ లేకపోయినా కాసేపు అక్కడే నిలబడిపోయాను. అరవైల చివర్లో సాలూరులో లారీలకు వైరింగు చేసే సూరయ్య మేస్త్రీ షెడ్డు ఎప్పుడూ అదే వాసన వేసేది. తర్వాత నా జీవితమంతా కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడంలో గడిచింది. ఆ పని ఎలా చెయ్యాలో నాకు నేర్పింది మాత్రం ఆయనే.

మేస్త్రీకి పద్ధతంటే మహా పట్టుదల. పెద్ద లైట్ల తీగకు ఒక దారపు ముడి, హారనుకు రెండు, వెనక లైట్లకు మూడు. తీగలన్నీ డ్రైవరు కాళ్ళ దగ్గర, ఎడమ పక్క నుంచే పోవాలి. దగ్గర దారిలో లాగితే బోలెడు తీగ మిగులుతుందన్నా వినేవాడు కాదు. నేను అప్పుడే ఐటీఐ చదివి పనిలో చేరాను, కాస్త పొగరు కూడా ఉండేది. ఒకసారి ముడులు మానేసి, తీగల్ని జడలా అల్లి చూపించాను. మేస్త్రీ మురిపెంగానే చూశాడు. చూసి, కత్తెర తీశాడు.

"బాగున్నాదిరా. లైట్లూ ఎలుగుతన్నాయి. మరి నువ్వు ఊర్లో లేన్నాడు ఇవి ఆరిపోతే, ఇప్పి సూసేవోడు ఏటి సేస్తాడు?"

నాకు ఒళ్ళు మండింది. గొణుక్కుంటూనే ఆయన చెప్పినట్టు మళ్ళీ కట్టాను.

కొన్నాళ్ళకు మేస్త్రీ కళ్ళలో శుక్లాలు ముదిరాయి. ఆ సంగతి లారీల వాళ్ళకు తెలిసి, బళ్ళు వేరే షెడ్లకు పోవడం మొదలైంది. ఒక సాయంత్రం, కొండదారిలో ఘాటీ ఎక్కాల్సిన లారీ ఒకటి లైట్లు వెలగక మా షెడ్డు ముందు ఆగింది. మసక చీకటి పడుతోంది, షెడ్డులో కరెంటు లేదు. బండి యజమాని నన్ను పిలిచాడు.

"నువ్వు సూడు బాబూ. ముసిలోడికి ఏటి కనపడతాది?"

నేను లేవబోతే మేస్త్రీ నా భుజం నొక్కి కూర్చోబెట్టాడు. ఈ బండి ఆయన చేత కాలేదంటే రేపటి నుంచి షెడ్డుకి ఇంకెవరూ రారని మా ఇద్దరికీ తెలుసు.

ఆయన డ్రైవరు కాళ్ళ దగ్గర ఒరిగి తీగల్లోకి చెయ్యి పెట్టాడు. రెండు ముడులు తగిలితే వదిలేశాడు. మూడు తగిలినా వదిలేశాడు. ఒంటి ముడి దొరకగానే ఆ తీగ వెంట వేళ్ళు జరుపుకుంటూ పోయి, రేకుకి ఒరుసుకుని తెగిన చోట ఆగాడు. మెలిపెట్టి, టేపు చుట్టి, "ఎయ్యి" అన్నాడు. డ్రైవరు స్విచ్చి వేస్తే ఎదురు గోడంతా వెలిగింది. మర్నాడు యజమాని తన రెండో బండి కూడా మాకే పంపాడు.

లారీ వెళ్ళాక మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

"ఆ బండి కట్టిందెవుడ్రా?"

"నేనే మేస్త్రీ."

"నువ్వా? నాను కట్టిందే అనుకున్నాను."

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు, అంత సంతోషం.

ప్రోగ్రాములు రాసే జట్టుకు నేను పెద్దనయ్యాక, దేనికి ఏ పేరు పెట్టాలో, ఏది ఎక్కడ ఉండాలో నియమాలు రాసిచ్చాను. అందరూ విసుక్కున్నారు. "మరి మా తెలివి ఎక్కడ కనపడుతుంది సార్?" అని ఒకమ్మాయి నిలదీసింది కూడా. చాలా కాలానికి పాత ప్రోగ్రాము ఒకటి మొరాయిస్తే, నేనే కూర్చుని చదివి తప్పు దిద్దాను. అది నేను రాసిందేనని నమ్మకంగా అనుకున్నాను. తీరా చూస్తే ఆ అమ్మాయి రాసింది. పిలిచి ఆ మాటే చెప్పాను. చెబుతూ నేనెందుకు కళ్ళు తుడుచుకుంటున్నానో పాపం ఆమెకి అర్థం కాలేదు.